వెనక వరస చూసే బాబాయిగారు

మా స్కూల్లో పిల్లాణ్ణి చేర్పించడానికి పోయిన వారం సఖినేటిపల్లి నుంచి ఒకావిడ వచ్చింది. నేను ఆ స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. ఊరి పేరు వినగానే ఉండబట్టలేక అడిగేశాను. నా నోరు ఊరుకోదు, ఈ నోటికి మా అమ్మ పెట్టిన మొట్టికాయలకి లెక్కేలేదు.

"మీ రేవులో పంటుకి టిక్కెట్లిచ్చే ఒక బాబాయిగారు ఉండేవారండీ. సన్నగా, తెల్లచొక్కా చేతులకి బొత్తాలు పెట్టుకుని. బాగున్నారా?"

పంటు అంటే వశిష్ఠ గోదారి మీద మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గేదెల్నీ కలిపి నరసాపురం ఒడ్డుకి దాటించే పెద్ద పడవ.

"ఆయనా? పోయేరు కదండీ పాపం. వానల్లో. వాళ్ళావిడ ముందే పోయేరు, ఆ తర్వాత ఈయన. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసేరు. ఊళ్ళోవాళ్ళమే నలుగురం వెళ్ళేమండి. పిల్లల్లేరు కదండీ వాళ్ళకి."

"ఉంది. ఒక అమ్మాయి ఉంది" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. నేను గట్టిగా అన్నాననుకుంటా, పక్క బల్ల దగ్గర గుమాస్తా కూడా తలెత్తాడు. పిల్లల్లేరట! ఆ మనిషి ఒక్క పిల్ల కోసం ఏళ్ళ తరబడి ఏం చేశారో వీళ్ళకేం తెలుసు? కోపమొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి ఆ పిల్లాడి పేరు రాసుకున్నాను.

అమలాపురంలో గడియార స్తంభం దగ్గర మా అక్క మొగుడు, అంటే మా బావ, ఎస్టీడీ బూత్ పక్క గది తీసుకుని ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన రోజులవి. రెండువేల సంవత్సరమో, ఆ మరుసటేడో. నాలుగు కంప్యూటర్లు, నాలుగు ప్లైవుడ్ గదులు, వాటికి మా అక్క పాత చీరలతో కుట్టిన కర్టెన్లు. నేను డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి పెళ్ళి సంబంధాలకి కూర్చుంటూ లేస్తూ ఖాళీగా ఉన్నానని బావ నన్ను అక్కడ కూలేశాడు. నెట్టు కలవాలంటే మోడెం కీచుమని, గుర్రుమని, పొట్టలో నొప్పొచ్చిన మేకలా అరిచేది. కలిసిన పది నిమిషాలకి కరెంటు పోయేది. పరీక్షా ఫలితాల రోజున తప్ప మా సెంటర్‌కి వచ్చేవాళ్ళంతా సినిమా సైట్ల కోసమే వచ్చేవారు. ఏ హీరో సినిమా ఏ ఊళ్ళో ఎన్నాళ్ళాడిందీ, ఎవరికి ఎవరితో పడటం లేదూ, కొత్త సినిమా పాట స్టిల్స్ పడ్డాయా లేదా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవారు. అమలాపురంలో పక్కపక్క గదుల్లో కూర్చుని, ఎవరో ఏమిటో తెలియకుండా తిట్టుకున్న వాళ్ళని నేను చూశాను. ఇద్దరూ నా దగ్గరికొచ్చి బిల్లు కట్టి, ఒకే సైకిల్ మీద ఇంటికెళ్ళిపోయేవారు.

అలాంటి చోటికి బాబాయిగారు వచ్చారు. ఒక గురువారం పూట, పదకొండింటి వేళ. బయట చెప్పులు విప్పి లోపలికొచ్చారు. చెప్పులు విప్పక్కర్లేదండీ అంటే, "మిషన్లున్నాయి కదండీ" అన్నారు.

"ఏం కావాలండీ, ఫలితాలా?" అన్నాను.

"ఆయ్... కాదండి. సినిమా ఫోటోలుంటాయంట కదండి నెట్టులో. పాటల ఫోటోలు. అవి చూడాలండి."

అరవైకి దగ్గరపడ్డ మనిషి. పైగా సఖినేటిపల్లి అంత దూరం నుంచి రాజోలు మీదుగా, గన్నవరం అక్విడెక్టు దాటి, రెండు గంటలు బస్సులో వేలాడుతూ వచ్చి అడిగేది ఇదా? బావ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. మా సెంటర్లో పెద్ద వయసు మగవాళ్ళు పాటల ఫోటోలు చూడాలంటే ఏమిటో మాకు తెలుసు. కర్టెన్ వేసుకుంటారు, నా మొహం కేసి చూడకుండా డబ్బులిచ్చి పోతారు. ఈయన మాత్రం, "నాకు ఇది నొక్కడం రాదండి అమ్మాయిగారూ, కాస్త మీరు కూచుని నొక్కండి" అన్నారు. బావ దగ్గాడు. నాకు ఒళ్ళు మండింది గాని, గదిలో కాకుండా నా బల్ల మీది కంప్యూటర్ దగ్గరే కుర్చీ వేసి, అందరూ చూస్తుండగానే గ్యాలరీ తెరిచాను. చూద్దాం పెద్దమనిషి సంగతి అనుకున్నాను.

ఆ రోజుల్లో బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి ఈనెపుల్లంత ఈనెపుల్లంతగా దిగేది. ముందు ఆకాశం, తర్వాత హీరోయిన్ జడలో పువ్వు, తర్వాత నుదురు. కుర్రాళ్ళు మెడ దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టేవాళ్ళు. బాబాయిగారు ఏం చేశారో తెలుసా? బొమ్మ మొత్తం దిగేదాకా ఆగి, జేబులోంచి మడతపెట్టిన రుమాలు తీసి, దులిపి, హీరోయిన్ మీద అడ్డంగా పట్టుకున్నారు.

నిజం. తెర మీద ఆ పిల్లని తల నుంచి కాలిదాకా రుమాలుతో కప్పేశారు.

బావ లేచి నిలబడ్డాడు. "ఏంటండీ అది?"

"ఏం లేదండి. ఈ అమ్మాయి వెలుగుకి వెనకాలవాళ్ళు ఆనరండి" అన్నారు. అని రుమాలు అంచు పక్కన మెడ ముందుకి చాపి, వెనక వరసలో ఒకే రంగు బట్టల్లో ఒకే సవరాలతో చేతులు పైకెత్తి నిలబడ్డ ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వెళ్ళారు. అందరినీ చూశాక బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, "ఆయ్, తర్వాతదండి" అన్నారు. టిక్కెట్లు చింపి చింపి వచ్చిన అలవాటు. ఎన్నేళ్ళొచ్చినా ప్రతి బొమ్మకీ ఆ వేలు తడి చేసుకోవడం మానలేదు. తడి ఎందుకండీ, నొక్కేది నేనైతే, అని ఏడిపించేదాన్ని. నవ్వేసేవారు.

మూడో వారమో నాలుగో వారమో బావ ఉండబట్టలేక అడిగేశాడు. "ఏమనుకోకండి బాబాయిగారూ, ఎవరికోసమండీ ఈ వెతుకులాట?"

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "మా అమ్మాయండి" అన్నారు. అంతే. ఆ రోజు ఇంకేం చెప్పలేదు. బావ ఆయనకి టీ తెప్పించాడు. ఆ తర్వాత నుంచి గురువారం పదకొండింటికి నా కంప్యూటర్ మీద ఎవరైనా కూర్చుంటే బావే లేపేసేవాడు.

మిగతా కథ నాకు ముక్కలు ముక్కలుగా, కరెంటు పోయినప్పుడల్లా తెలిసింది. కరెంటు పోతే ఆయన విసనకర్ర అందుకుని నాకు విసురుతూ మాట్లాడేవారు. వద్దండీ అంటే వినేవారు కాదు. "మా పిల్లకీ ఉక్కబోత్తే పడేది కాదండి" అనేవారు.

ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ క్రిస్మస్‌కి చర్చిలో పాటలకి అడుగులేసేది. నక్షత్రం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళేటప్పుడు ముందు ఉండేది ఇదేనట. అడుగు చూసి పాస్టరుగారి భార్య కూడా ముచ్చటపడేదట. పెద్దమనిషయ్యాక ఈయన స్టేజీ ఎక్కడం మాన్పించారు. పదో తరగతి తప్పింది. పెళ్ళి చేద్దామనుకున్నారు. ఇంతలో అంతర్వేది తీర్థం వచ్చింది, తీర్థానికి రికార్డింగ్ డ్యాన్సుల వాళ్ళు వచ్చారు.

"తీర్థం రోజుల్లో రేవు ఎలాగుంటాదో మీకు తెలుసు కదండి. ఇసకేత్తే రాలదు. టిక్కెట్టు చింపేవాడు మొహాలు చూడడండి. చేతులే చూత్తాడు. చెయ్యి, డబ్బులు, టిక్కెట్టు. చెయ్యి, డబ్బులు, టిక్కెట్టు. ఆ రోజు డ్యాన్సులోళ్ళు తిరిగెళ్ళిపోతున్నారు. వాళ్ళ మేనేజరు ఒక్కడే వచ్చి అందరికీ కలిపి తీసుకున్నాడు. చింపిచ్చేనండి. మర్నాడు పంటు మీద పనిచేసే కుర్రాడు అన్నాడు, బాబాయ్, నిన్న మీ అమ్మాయి తలమీద తువ్వాలేసుకుని వాళ్ళతో కూచుంది, మీకు చెప్పే వెళ్తుందనుకున్నానూ అని."

విసనకర్ర ఆగిపోయింది.

"నా చేత్తోనే టిక్కెట్టిచ్చేనండి. ఒక్కసారి తలెత్తితే సరిపోయేది."

ఇంత నోరున్న దాన్ని, కరెంటు వస్తే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను.

తర్వాత ఏడాదికి మలికిపురంలో వాళ్ళ బంధువు ఒకాయన హైదరాబాదు వెళ్ళి వచ్చి, షూటింగ్ దగ్గర గుంపులో ఆ పిల్లని చూశానన్నాడు. ఈయన రెండుసార్లు వెళ్ళారు. స్టూడియో గేటు దగ్గర పొద్దున్నుంచీ సాయంత్రందాకా నిలబడ్డారు. గేటు దగ్గరవాడు లోపలికి పంపలేదు. ఆడపిల్లల వ్యానులు అద్దాలు మూసుకుని లోపలికి పోయాయి, అలాగే బయటికి వచ్చాయి. ఇక సినిమాలన్నీ చూడటం మొదలెట్టారు. రాజోలు హాల్లో, నరసాపురం హాల్లో. బాగున్నదీ లేదూ అన్న భేదం లేదు.

"హాల్లో లాభం లేదండి. గబుక్కున పోతారండి వెనకాలోళ్ళు. కన్నుమూసి తెరిసేలోపు షాటు మారిపోద్ది. ఆపమంటే ఆపడు కదండి ఆపరేటరు. మా రేవులో ఒక స్టూడెంటు చెప్పేడు, నెట్టులో అయితే బొమ్మ ఆగుద్ది తాతగారూ అని. అందుకొచ్చేనండి."

బొమ్మ ఆగుతుంది. హీరోల కోసం కొట్టుకు చచ్చే మా సెంటర్లో, ఇంటర్నెట్ ఎందుకు పుట్టిందో ఆయన ఒక్కరికే తెలుసుననిపించింది నాకు.

ఆయనకి తలలు లెక్కపెట్టే అలవాటుండేది. ఒక పాటవి రెండు ఫోటోలుంటే రెంటిలోనూ వెనక పిల్లల్ని లెక్కపెట్టేవారు. "ఇద్దరు తగ్గేరండి. ఇందాకున్నారు, ఇప్పుడేరి?" అని నన్ను అడిగేవారు, నేనేదో దాచేసినట్టు. ఫోటో పక్కకి తీశారు బాబాయిగారూ, వాళ్ళు అంచు బయట ఉండుంటారు అంటే, "ఎక్కినోళ్ళందరూ దిగాలి కదండి" అనేవారు. ఆ వారమంతా ఆ ఇద్దరి గురించి బెంగపెట్టుకుని, మళ్ళీ గురువారం వచ్చాక వాళ్ళు వేరే ఫోటోలో కనిపిస్తే అప్పుడు టీ తాగేవారు.

ఇలా చాలా నెలలు గడిచాయి. ఒక వానాకాలం రోజు, ఎవరూ లేరు సెంటర్లో. పసుపు గౌన్ల పాట ఒకటి పడింది సైటులో. ఆయన రుమాలు పట్టుకుని చూస్తూ చూస్తూ, "ఆపండి" అన్నారు. ఆగి ఉన్న బొమ్మనే ఆపమన్నారు.

హీరోయిన్ మోచేతి వెనకాల ఒక పిల్ల. సగం మొహమే కనిపిస్తోంది. కోలగా ఉన్న గడ్డం, కొంచెం పైకెత్తిన తల.

"ఈ పిల్లండి" అన్నారు. నేను బావని కేకేశాను. బావ వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "అచ్చం మీ పోలికేనండీ" అన్నాడు. బావకి అన్నీ అలాగే కనిపిస్తాయి, పుట్టిన ప్రతి పిల్లకీ పోలిక చెప్పే మనిషి. కానీ నాకూ అలాగే అనిపించింది. ఆయన ఆ రోజు వేలు తడి చేసుకోలేదు, తర్వాతదండి అనలేదు. కట్టేసే వేళదాకా ఆ ఒక్క బొమ్మ ముందే కూర్చుని, ఆఖరి బస్సుకి పరిగెత్తారు.

ఆ వారం నుంచి మా పని తేలికైంది. ప్రతి సినిమాలోనూ ఆ ఒక్క పిల్లని పట్టుకోవడమే. నాకూ కన్ను తర్ఫీదయింది. ఎన్ని సవరాలు పెట్టినా, ఎంత రంగు పూసినా గడ్డం ఎత్తి పెట్టే తీరుని బట్టి నేనే ముందు కనిపెట్టి, "ఇదిగో మనమ్మాయి!" అని అరిచేదాన్ని. ఆయన నవ్వేవారు. ఒకసారి గజ్జెల కింద ఆ పిల్ల కాలికి గుడ్డ కట్టు కనిపించింది. "దెబ్బ తగిలిందండి. ఎత్తు మడమల జోళ్ళు కదండి, మెలిక పడుంటాది. కట్టుతో ఎగరమంటారేటండీ?" అని ఆ సినిమా తీసినవాణ్ణి మొదటిసారి, చివరిసారి తిట్టారు. తిట్టడమంటే ఆయన భాషలో, "ఆళ్ళకి పిల్లల్లేరేమోనండి" అనడం. మరో సినిమాలో కట్టు లేదు. నేను చప్పట్లు కొట్టాను.

ఇంకో రోజు ఆ పిల్ల వెనక వరసలో లేదు. ఇద్దరం బొమ్మ మొత్తం గాలించాం. చివరికి చూస్తే హీరోయిన్ పక్కనే ఉంది, ముందు వరసలో, నిండుగా నవ్వుతూ. మేం ఎప్పుడూ వెనకే వెతికే వాళ్ళం కదా, ముందుకి చూడలేదు. పైగా ఆయన రుమాలు కిందే ఉంది. మళ్ళీ గురువారం ఆయన డబ్బా నిండా కొబ్బరి లౌజు తెచ్చారు. "మీ పిన్నిగారు చేసేరండి" అని సెంటర్లో ఉన్న కుర్రాళ్ళందరికీ, ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మాట్లాడుతున్న వాళ్ళకి కూడా పెట్టారు. ఎందుకు తాతగారూ అంటే, "అమ్మాయి ముందుకొచ్చిందండి" అన్నారు. ఏదో ఉద్యోగంలో అనుకున్నారు వాళ్ళు.

ఇక్కడ ఒక చిక్కొచ్చిపడింది. ఆ సైటువాళ్ళు తమ ఫోటోలు వేరే సైటువాళ్ళు ఎత్తుకుపోతున్నారని, ప్రతి బొమ్మ మీదా తమ సైటు పేరు అడ్డంగా ముద్ర కొట్టడం మొదలెట్టారు. హీరోయిన్ మీద కొడితే చూసేవాళ్ళు ఊరుకోరు కదా, అందుకని వెనకున్న వాళ్ళ మొహాల మీద కొట్టేవారు. బాబాయిగారు ఆ అక్షరాల మధ్యనుంచి తొంగి చూడటానికి తలని అటూ ఇటూ వంచేవారు, తెర అవతల నిజంగా మనుషులున్నట్టు. చూడలేకపోయాను.

"వాళ్ళకి రాయండి అమ్మాయిగారూ. మర్యాదగా రాయండి" అన్నారు.

రాశాను. ఫోటోలు కత్తిరించొద్దండీ, వెనకవాళ్ళ మొహాల మీద పేరు వేయొద్దండీ, కావాలంటే పైన ఆకాశం మీద వేసుకోండీ అని. ఆయన పక్కనుంచి, "అండీ పెట్టేరా? ప్రతిదానికీ అండీ పెట్టండి" అంటూనే ఉన్నారు. రెండురోజులకి జవాబొచ్చింది: మీరు ఏ హీరోయిన్ అభిమాని? చదివి వినిపిస్తే ఆయన బాగా ఆలోచించి, "ఎవర్నీ నొప్పించకండి. అందరూ బాగానే చేత్తున్నారని రాయండి" అన్నారు. నేను మాత్రం ఇంటికెళ్ళబోయే ముందు ఉన్న సంగతంతా రాసి పంపాను. మనుషులు మంచివాళ్ళేనండీ, మనం ఊరికే తిట్టుకుంటాం గాని. మనమ్మాయి ఉన్న ఫోటోలన్నీ ముద్ర లేకుండా, కత్తిరించకుండా, అంచుల్లో నిలబడ్డ లైట్ల వాళ్ళతో సహా పంపారు. ఆ అమ్మాయి ఎవరో హైదరాబాదులో మా మనిషి చేత కనుక్కుంటాం, తండ్రిగారిని దిగులు పడొద్దనండి, అని కూడా రాశారు.

ఆ మాట విన్నాక బాబాయిగారు సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహం మాడిపోయింది. "ఎందుకండీ వాళ్ళకి శ్రమ" అన్నారు. మొహమాటం అనుకున్నాను. గోదారి మనిషి కదా, తాను మునుగుతున్నా ఒడ్డునున్నవాడికి శ్రమ అంటాడు.

జవాబు రావడానికి చాన్నాళ్ళు పట్టింది. ఒక సోమవారం వచ్చింది. ఆ పిల్లది శ్రీకాకుళం వైపు పల్లె. పుట్టి పెరిగింది అక్కడే. డ్యాన్స్ మాస్టరు దగ్గర పనిచేసే ఆవిడ స్వయంగా చెప్పింది. మీరు రాసిన పేరుతోగాని, మీ ప్రాంతం నుంచిగాని ఎవరూ ఇప్పుడు గ్రూపుల్లో లేరట. క్షమించండి.

ఆ పిల్ల కాలి కట్టు చూసి నేను ఎంత బెంగపడ్డానో, ముందు వరసలో చూసి ఎంత ఎగిరానో నాకే తెలుసు. నాకే ఇలా ఉంటే ఆయనకి? సోమవారం నుంచి గురువారందాకా అన్నం సహించలేదు. బావ, "చెప్పకే. ఆయన బతికేదే దానిమీద. నీకేం పోయింది, బొమ్మలు చూపించు చాలు" అన్నాడు. మా అమ్మ, "చెప్పవే. ఆ తండ్రి తన పిల్లని వెతుక్కునే రోజులు ఇంకెవరి పిల్ల మీదో పోగొట్టుకుంటున్నాడు, పాపం కాదూ" అంది. ఇద్దరూ చెప్పింది నిజమే అయితే మనిషి ఏం చెయ్యాలి?

గురువారం వచ్చారు. చెప్పులు విప్పారు. కూర్చున్నారు. రుమాలు తీశారు. నేను గ్యాలరీ తెరవలేదు.

"బాబాయిగారూ, సైటువాళ్ళు రాశారండి."

"ఆయ్" అన్నారు.

"ఆ అమ్మాయి..." అని ఆగిపోయాను.

"మా అమ్మాయి కాదు. అంతే కదండి?" అన్నారు.

నేను ఆయన మొహం కేసి చూశాను. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. నన్ను ఊరడించడానికన్నట్టు కొంచెం నవ్వుతున్నారు.

"నాకు తెలుసండి. మా పిల్లకి చెవి కింద కాలిన మచ్చుంటాదండి, చిన్నప్పుడు క్రిస్మస్ కొవ్వొత్తి అంటుకుంది. మొదటి ఫోటోలో సగం మొహమే కదండి, ఆ వారమంతా నిద్ర లేదు, అదే అనుకున్నా. రెండో వారం మొహం పూర్తిగా పడిందండి. మచ్చ లేదు. మా పిల్ల కాదని అప్పుడే తెలిసిపోయింది."

"రెండో వారమా? మరి ఇన్నాళ్ళూ... ఆ కాలి కట్టుకి అంత బాధపడ్డారు. లౌజు పంచారు!" నా గొంతు పెద్దదైపోయింది. గదుల్లోంచి కుర్రాళ్ళు తొంగిచూశారు. నాకు కోపమో దుఃఖమో నాకే తెలియదు.

"ఆ పిల్ల ముందుకొచ్చింది కదండి మరి. వాళ్ళింట్లో తెలిసిందో లేదో. దానికీ ఒక నాన్నుంటాడు కదండి. ఆయనకి ఈ నెట్టు సంగతి తెలీదేమో, తెలిసినా బస్సుండదేమో. ఎవరో ఒకరు నోరు తీపి చేసుకోవాలి కదండి. కాలికి దెబ్బ తగిలితే ఎవరో ఒకరు అయ్యో అనాలి కదండి."

నేను ఏడుస్తున్నాను. బావ ఫోన్ పక్కన పెట్టేసి మా వైపే చూస్తున్నాడు.

ఆయన రుమాలు నాకివ్వబోయి, అది తెరకి అడ్డం పట్టేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు. తర్వాత, నాకు మాత్రమే వినపడేలా, తప్పు చేసిన పిల్లాడిలా చెప్పారు:

"నాకో పిచ్చి ఉందండి అమ్మాయిగారూ. నవ్వకండి. నేను ఎవరి పిల్లనో ఇలా చూత్తున్నాను కదా. ఎక్కడో ఇంకో ఊళ్ళో, ఇంకో తండ్రి, తన పిల్ల దొరక్క, మా పిల్లని ఇలాగే చూత్తుంటాడనండి. తిన్నాదా, చిక్కిందా, కాలికేమైందా అని. నేను మానేశాననుకోండి... ఆయనా మానేత్తాడేమోనని భయమండి."

నేను నవ్వలేదు. గ్యాలరీ తెరిచాను. ఆ గురువారం కొత్త పాట పడింది, ఆ పిల్ల చివరి నుంచి మూడోది. ఆయన చాలాసేపు చూసి, "కాస్త ఒళ్ళు చేసిందండి. మంచిదే" అన్నారు.

ఆ తర్వాత నా పెళ్ళయింది, సెంటర్ బావ అమ్మేశాడు, సైటు కూడా ఎప్పుడో మూతపడింది. ఆయన ఎక్కడ చూసేవారో, ఎవరు నొక్కి చూపించేవారో నాకు తెలియదు. చూడటం మాత్రం మానేసి ఉండరు. అది నాకు తెలుసు.

అందుకే ఆ సఖినేటిపల్లి ఆవిడ పోయేరు కదండీ అన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందొచ్చింది భయం. ఆ ఇంకో తండ్రి కూడా, ఆ ఊరేదో, ఆ మనిషెవరో, చూడటం మానేసి ఉంటాడని.